థాయ్‌లాండ్‌లో ఏం తినాలి, ఎలా అడగాలి: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ థాయ్‌లాండ్ తిండి మీదే. ఒకే రకంగా ఉన్న ఉత్తరాలను కలిపేసి ఒక్కో జవాబు రాస్తున్నాను. కొన్నిటికి పెద్ద జవాబు కావాల్సి వచ్చింది, కొన్నిటికి రెండు మాటలు చాలు.

ప్రశ్న: మొదటిసారి బ్యాంకాక్ వెళ్తున్నాం, నేనూ మా ఆయనా. పాడ్ థాయ్, టోమ్ యమ్, గ్రీన్ కర్రీ, మామిడిపండుతో స్టికీ రైస్ అని లిస్టు రాసుకున్నాం. ఇవి బాగా దొరికే హోటళ్ల పేర్లు చెప్తారా?

జవాబు: ఆ నాలుగూ మంచి వంటకాలే, తినండి. టోమ్ యమ్ కుంగ్‌ని, అంటే రొయ్యలతో చేసే ఆ పుల్లటి కారపు సూప్‌ని, 2024లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. కానీ హోటల్ పేర్లు పట్టుకుని ఊరంతా తిరగొద్దు, సగం రోజు ట్రాఫిక్‌లో, మిగతా సగం క్యూలో పోతుంది. దానికి బదులు ప్రతి పూటా రెండు సంగతులు చూసుకోండి. మీరున్న ప్రాంతం వాళ్లు ఏం తింటారు, ఈ వేళకి ఏం తింటారు. ఈ రెండూ కుదిరితే పేరు లేని బండి దగ్గర కూడా అద్భుతమైన భోజనం దొరుకుతుంది, కుదరకపోతే పేరున్న చోట కూడా చప్పగానే ఉంటుంది. థాయ్ తిండి గురించి నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే.

వేళ అంటే ఏమిటో చెప్తాను. పొద్దున్నే ఆఫీసులకి వెళ్లేవాళ్లు నిలబడే బండ్ల దగ్గర మూ పింగ్ ఉంటుంది, బొగ్గుల మీద కాల్చిన పంది మాంసం పుల్లలు, పక్కన చిన్న కవర్లో స్టికీ రైస్. జోక్ అనే మెత్తటి బియ్యం జావ, అందులో అల్లం ముక్కలు, గుడ్డు. ఇవి ఎండెక్కేసరికి అయిపోతాయి. పది దాటాక ఖావ్ కెంగ్ దుకాణాలు నిండుగా ఉంటాయి, పెద్ద పెద్ద ట్రేలలో పది పదిహేను రకాల కూరలు వండి పెడతారు, మీరు అన్నం మీద ఏవి వెయ్యాలో వేలితో చూపిస్తే చాలు, భాష రాకపోయినా టెన్షన్ లేదు. నా మాట వింటే గ్రీన్ కర్రీని అక్కడ మధ్యాహ్నం పన్నెండు లోపు తినండి, సాయంత్రానికి ఆ ట్రేలు ఖాళీ అయిపోతాయి, లేదా పొద్దుటి కూర అలాగే కూర్చుని ఉంటుంది. సాయంత్రం ఆరు తరవాత చైనాటౌన్‌లోని యావరాట్ రోడ్డు, రాత్రి మార్కెట్లు. ఇంకా పొద్దుపోయాక ఖావ్ టోమ్, అంటే పలచటి బియ్యం గంజి, పక్కన చిన్న చిన్న వేపుళ్లు. సోమవారాలు బ్యాంకాక్‌లో రోడ్డు పక్క బండ్లు తక్కువగా ఉంటాయి, ఆ రోజుకి మార్కెట్ గానీ ఫుడ్ కోర్టు గానీ పెట్టుకోండి.

పాడ్ థాయ్ గురించి, అంటే ఆ బియ్యపు నూడుల్స్ వేపుడు గురించి, ఒక మాట. ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ ప్రధానిగా ఉన్న కాలంలో, అంటే 1939లో దేశం పేరు సియామ్ నుంచి థాయ్‌లాండ్‌గా మారిన రోజుల్లో, జాతీయతా ప్రచారంలో భాగంగా ప్రభుత్వమే నూడుల్స్ తినమని జనాన్ని ప్రోత్సహించింది, ఆ ఊపులోనే ఇది దేశమంతా పాకింది. వీధిలో దాన్ని ఒక్కదాన్నే చేసే బండి వెతకండి. ఇది బ్యాంకాక్‌లో ఎక్కడైనా పనికొచ్చే గుర్తు. నలభై వంటల మెనూకార్డు నాలుగు భాషల్లో ఉన్న చోటికన్నా, అద్దాల పెట్టెలో ఉడికించిన కోళ్లు వేలాడదీసి ఖావ్ మన్ కై, అంటే కోడితో అన్నం, ఒక్కటే అమ్మే చోట భోజనం ఎప్పుడూ మెరుగ్గా ఉంటుంది. రోజంతా చేసేది ఆ ఒక్క పనే కదా.

మామిడిపండు స్టికీ రైస్ మార్చి నుంచి జూన్ మొదటి వరకు తింటే ఆ రుచే వేరు, నామ్ డోక్ మై అనే రకం అప్పుడు బాగా పండుతుంది. మిగతా నెలల్లో కూడా దొరుకుతుంది గానీ ధర ఎక్కువ, తీపి తక్కువ. కంఫెంగ్ ఫెట్ మెట్రో స్టేషన్ పక్కనే ఓర్ టోర్ కోర్ మార్కెట్ ఉంది, శుభ్రంగా ఉంటుంది, పళ్లు ఎంచి పెడతారు, వండిన కూరలు కూడా దొరుకుతాయి, మామూలు మార్కెట్ కన్నా కాస్త ఖరీదు. మొదటి రోజు అక్కడ ఒక గంట తిరిగితే ఏ ఆకు ఏమిటో, ఏ పేస్టు ఏమిటో కళ్లకు అలవాటవుతుంది.

ప్రశ్న: మా అత్తగారు మాతో వస్తున్నారు. గుడ్డు కూడా ముట్టని శాకాహారి. "నో మీట్" అని చెప్తే సరిపోతుందా, లేక పది రోజులూ పళ్లు, బ్రెడ్డు పెట్టాల్సి వస్తుందా?

జవాబు: "నో మీట్" సరిపోదు, కానీ ఆవిడ పస్తులుండాల్సిన అవసరం కూడా లేదు. ముందు ఇబ్బంది ఎక్కడుందో తెలుసుకోండి. మనం ఉప్పు వేసినంత మామూలుగా వాళ్లు నామ్ ప్లా, అంటే చేపల నుంచి తీసిన సాస్, వేస్తారు. కూరగాయల వేపుడులో నామ్ మన్ హోయ్ అనే ఆయిస్టర్ సాస్ పడుతుంది. గ్రీన్, రెడ్ కర్రీల పేస్టులో కపి అనే రొయ్యల ముద్ద ముందే నూరి ఉంటుంది. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు, నూడుల్స్ సూప్‌కి ఎముకలు ఉడికించిన నీళ్లు. మాంసం వద్దన్నారు కదా అని ముక్కలు తీసేసి ఇవన్నీ ఉంచేస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల లెక్కలో మాంసం అంటే ముక్కలే.

అందుకని మీరు చెప్పాల్సిన మాట "జే". చైనా బౌద్ధ సంప్రదాయం నుంచి వచ్చిన ఆహార నియమం ఇది, మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కాబట్టి ఉల్లి మానేసినవాళ్లకి కూడా ఇదే దారి. జే తిండి అమ్మేచోట పసుపు రంగు బోర్డు గానీ చిన్న జెండా గానీ ఉంటుంది, మీద ఎర్ర అక్షరాలు. ఒకసారి ఫోన్లో ఆ గుర్తు బొమ్మ చూసి పెట్టుకున్నారంటే, ఆ తరవాత ప్రతి మార్కెట్లోనూ అదే కళ్లబడుతుంది. చాలా జే దుకాణాలు పొద్దున్నే తెరిచి మధ్యాహ్నానికి కట్టేస్తారు, ఇది ముఖ్యం, రాత్రి భోజనం అక్కడ చేద్దామని ప్లాన్ పెట్టుకోవద్దు. మాంగ్సవిరట్ అనే మాట కూడా వింటారు, అది గుడ్డు, పాలు ఉండొచ్చనే శాకాహారం, మీ అత్తగారికి పనికిరాదు.

మామూలు హోటల్లో తినాల్సి వస్తే ఆవిడ "ఛన్ కిన్ జే ఖా" అనాలి, మగవాళ్లయితే "ఫోమ్ కిన్ జే ఖ్రప్". దాని తరవాత "మై సాయ్ నామ్ ప్లా, మై సాయ్ నామ్ మన్ హోయ్, మై సాయ్ ఖై", చేప సాస్ వద్దు, ఆయిస్టర్ సాస్ వద్దు, గుడ్డు వద్దు. ఉచ్చారణ అటూ ఇటూ అయితే అసలుకే మోసం కాబట్టి, దిగిన హోటల్లో రిసెప్షన్ వాళ్ల చేత ఇదంతా థాయ్ అక్షరాల్లో ఒక కాగితం మీద రాయించుకోండి, సంతోషంగా రాసిస్తారు. ఆ కాగితం చూపించి, తూటికూర వేపుడు సోయా సాస్‌తో చెయ్యమనండి, పాక్ బుంగ్ అంటారు, ఎక్కడైనా దొరుకుతుంది, అన్నంలోకి చాలా బాగుంటుంది. మామూలు దుకాణంలో కర్రీ జోలికి మాత్రం వెళ్లొద్దు, పేస్టులో కలిసిపోయిన రొయ్యల ముద్దను ఎవరూ తియ్యలేరు. అదే బాణలిలో మాంసం కూడా వేయిస్తారు అన్నది ఆవిడకి అభ్యంతరమైతే జే దుకాణాలు, భారతీయ హోటళ్లు మాత్రమే చూసుకోండి. బ్యాంకాక్‌లో ఫాహురాట్ వీధుల్లో భారతీయ శాకాహారం పుష్కలం.

సెవెన్ ఇలెవెన్ అనే సరుకుల దుకాణాల్లో కొనే బన్నులతో జాగ్రత్త, మెత్తగా తియ్యగా కనిపించే వాటిలో కూడా పీచులా చేసిన పంది మాంసం నింపినవి ఉంటాయి. సోయా పాలు, కొబ్బరి నీళ్లు, కాల్చిన అరటిపళ్లు నిశ్చింతగా పెట్టొచ్చు, మామిడిపండు స్టికీ రైస్ కూడా అంతే. కొబ్బరి పాలతో చేసే తీపి వంటల్లో కొన్నిటిలో గుడ్డు పడుతుంది, అడిగి తీసుకోండి. బంగారు రంగులో పూల రేకుల్లా, దారాల్లా కనిపించే మిఠాయిలు మాత్రం గుడ్డు పచ్చసొనతో చేసినవి, అయుత్థయ రాజుల కాలంలో పోర్చుగీసువాళ్ల ద్వారా వచ్చిన పద్ధతి.

తేదీలు మీ చేతిలో ఉంటే ఒక సలహా. చైనా చాంద్రమానం తొమ్మిదో నెలలో, అంటే మామూలుగా సెప్టెంబరు చివరకీ అక్టోబరు చివరకీ మధ్యలో, తొమ్మిది రోజులు జే పండగ వస్తుంది. ఫుకెట్‌లో అది చాలా పెద్దది, బ్యాంకాక్ యావరాట్ కూడా పసుపు జెండాలతో నిండిపోతుంది, మామూలు రోజుల్లో మాంసం అమ్మే బండ్లు కూడా జే వంటలకి మారతాయి. ఆ రోజుల్లో వెళ్తే మీ అత్తగారే మీ అందరికన్నా బాగా తింటారు.

ప్రశ్న: మేం కారం బాగా తింటాం. కానీ అక్కడికి వెళ్లొచ్చిన మా ఫ్రెండు బొప్పాయి సలాడ్ తిని కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడట. అంత కారమా?

జవాబు: మోతాదు సంగతి అలా ఉంచండి, ఆ కారం నోట్లో పనిచేసే తీరే వేరు. మనం ఎక్కువగా తినేది నూనెలో మగ్గిన కారం, ఎండుమిరప పొడి. సోమ్ తమ్‌లో, అంటే ఆ బొప్పాయి సలాడ్‌లో, ప్రిక్ ఖీ నూ అనే వేలెడంత కూడా లేని పచ్చిమిరపకాయలను వెల్లుల్లితో పాటు రోట్లో పచ్చిగా దంచి, నిమ్మరసం, చేప సాస్, తాటిబెల్లం కలుపుతారు. నూనె చుక్క ఉండదు, వేడి ఉండదు, కారం నేరుగా నాలుకకు తగులుతుంది, పులుపు దాన్ని ఇంకా ఎగదోస్తుంది. కారం బాగా తినే ఇళ్లల్లో పుట్టినవాళ్లు కూడా మొదటిసారి దీని దగ్గర తడబడతారు, అందులో పరువు సమస్య ఏమీ లేదు.

దీనికి మార్గం సులువు. సోమ్ తమ్ మీ కళ్ల ముందే దంచుతారు కాబట్టి "ప్రిక్ మెట్ దియావ్" అనండి, ఒక్క మిరపకాయ చాలు అని. బాగుంటే రెండో ప్లేటుకి పెంచుకోండి. మిగతా వంటలకి "ఫెట్ నిట్ నోయ్", కొంచెమే కారం. "మై ఫెట్" అంటే కారమే వద్దని, అది పిల్లలకి. సోమ్ తమ్ థాయ్ అని అడిగితే వేరుశనగలు, ఎండు రొయ్యలతో కాస్త తియ్యగా ఉండేది ఇస్తారు. పూ ప్లా రా అని ఉంటే అందులో ఊరబెట్టిన పీతలు, పులియబెట్టిన చేప పడతాయి, వాసన చాలా ఘాటు, ఈశాన్య థాయ్‌లాండ్‌వాళ్లకు ప్రాణం, కొత్తవాళ్లు మొదటి రోజే దాంతో మొదలుపెట్టకపోవడం మంచిది.

నోరు మండినప్పుడు నీళ్లు తాగితే లాభం ఉండదు. పక్కనే పచ్చి క్యాబేజీ, బొబ్బర్ల కాయలు, కీరా ముక్కలు పెడతారు, అవి అందుకే. స్టికీ రైస్ ముద్ద, పాలు కలిపిన చా యెన్ అనే ఐస్ టీ కూడా పనిచేస్తాయి. నూడుల్స్ బల్లల మీద నాలుగు చిన్న గిన్నెలుంటాయి: ఎండు కారం, పంచదార, చేప సాస్, వెనిగర్‌లో నానిన మిరపకాయలు. వడ్డించింది ముందు ఒక స్పూను రుచి చూసి, ఆ తరవాత వాటితో మీకు కావాల్సినట్టు సరిచేసుకోండి. స్థానికులూ అదే చేస్తారు, వంటవాళ్లు ఏమీ అనుకోరు.

ప్రశ్న: ఆరేళ్ల బాబుతో వెళ్తున్నాం. వీధి బండ్ల దగ్గర తినొచ్చా? ఐస్ వాడొచ్చా?

జవాబు: తినొచ్చు, మీ ఎదురుగా వేడి బాణలిలో చేసి ఇచ్చేవి ఏవైనా. గిరాకీ బాగా ఉన్న బండి చూడండి, స్కూలు యూనిఫాం పిల్లలు, ఆఫీసు వాళ్లు వరసలో ఉన్నారంటే సరుకు నిలవ ఉండదు. బాబుకి ఖావ్ పాట్, అంటే ఫ్రైడ్ రైస్, ఖావ్ మన్ కై, ఆమ్లెట్టు వేసిన అన్నం, కారం లేకుండా ఎక్కడైనా చేసిస్తారు. పిల్లలంటే అక్కడ బాగా ముద్దు చేస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు.

మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం ఆకారపు ఐస్ ముక్కలు ఫ్యాక్టరీలో శుద్ధి చేసిన నీళ్లతో చేసినవి, వాటితో సాధారణంగా ఇబ్బంది ఉండదు. పెద్ద దిమ్మను కొట్టి పొడి చేసిన ఐస్ అయితే బాబుకి వద్దు. కొళాయి నీళ్లు తాగించొద్దు, సీసా నీళ్లు చవకే. కోసి చాలాసేపు ఎండలో పెట్టిన పళ్ల కన్నా అప్పుడే తొక్క తీసిచ్చేవి మేలు.

ఒక్కటి మాత్రం పెద్దవాళ్లకి కూడా గట్టిగా చెప్తున్నాను. ఈశాన్య ప్రాంతంలో కోయ్ ప్లా అనే వంటకం ఉంది, మంచినీటి చేపను పచ్చిగా తరిగి నిమ్మరసం, కారంతో కలిపి తింటారు. నిమ్మరసానికి చేప తెల్లబడుతుంది గానీ అందులోని పరాన్నజీవులు చావవు. కాలేయంలో చేరే ఒక రకం పురుగు ఆ చేపల నుంచే వస్తుంది, అక్కడ పిత్తనాళ క్యాన్సర్ అంత ఎక్కువగా ఉండటానికి ముఖ్య కారణం అదేనని వైద్యులు తేల్చారు, థాయ్ ఆరోగ్య శాఖ ఏళ్ల తరబడి దీని మీద ప్రచారం చేస్తోంది. ఎవరు ఎంత ప్రేమగా పెట్టినా తినొద్దు. లాబ్ అనే తరిగిన మాంసం సలాడ్‌లో కూడా పచ్చి మాంసంతో చేసేది ఉంటుంది, "సుక్" అనండి, ఉడికినది అని, అప్పుడు వేయించి ఇస్తారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు బ్యాగులో ఉంచుకోండి, అక్కడి మందుల షాపుల్లోనూ దొరుకుతాయి.

ప్రశ్న: అక్కడ మాంసంలో తులసి వేస్తారని విన్నాను. నిజమా? అది మన తులసేనా?

జవాబు: నిజమే, అదే జాతి మొక్క. పాడ్ కప్రావ్ అంటారు, తరిగిన కోడి లేదా పంది మాంసాన్ని పచ్చిమిరప, వెల్లుల్లితో బాగా కాగిన బాణలిలో వేయించి చివర్లో గుప్పెడు ఆకులు వేసి, అన్నం మీద పెట్టి, పైన అంచులు కరకరలాడే గుడ్డు వేసి ఇస్తారు. వాళ్లకి అది పూజ మొక్క కాదు, వంట మొక్క. మీ మనసుకి ఇబ్బందిగా ఉంటే కప్రావ్ అన్న పేరున్నవి వదిలెయ్యండి. గ్రీన్ కర్రీలో వేసేది హోరఫా అనే ఇంకో ఆకు, సోంపు వాసన వస్తుంది, అది తులసి కాదు కాబట్టి నిరభ్యంతరంగా తినొచ్చు.

ప్రశ్న: కోడి, చేప తింటాం గానీ పశు మాంసం, పంది మాంసం తినం. ఎలా జాగ్రత్త పడాలి?

జవాబు: కోడి కై, చేప ప్లా, రొయ్య కుంగ్, పంది మూ, గొడ్డు మాంసం నువా. "మై కిన్ మూ, మై కిన్ నువా" అని చెప్పండి. గొడ్డు మాంసం తినని థాయ్‌లు కూడా చాలా మందే ఉన్నారు, ముఖ్యంగా కువాన్ యిన్ దేవతను కొలిచేవాళ్లు, కాబట్టి ఈ మాట వాళ్లకి కొత్త కాదు. పందితోనే చిక్కు, అది కనిపించని చోట కూడా ఉంటుంది. చాలా నూడుల్స్ దుకాణాల్లో రసం పంది ఎముకలదే. బ్యాంకాక్ విక్టరీ మాన్యుమెంట్ దగ్గర చిన్న చిన్న గిన్నెల్లో అమ్మే బోట్ నూడుల్స్‌లో రసం చిక్కబడటానికి పంది లేదా పశువు రక్తం కలుపుతారు, పైన కోడి ముక్కలు పెట్టించుకున్నా రసం అదే. ఇంతకన్నా సులువు, హలాల్ గుర్తు ఉన్న ముస్లిం హోటళ్లలో తినడం. పంది సమస్య పూర్తిగా పోతుంది, పైగా ఖావ్ మోక్ కై అనే పసుపు రంగు బిర్యానీ, మస్సమన్ కర్రీ వాళ్ల దగ్గరే బాగుంటాయి. మస్సమన్‌లో యాలకులు, దాల్చిన చెక్క, లవంగం పడతాయి, గొడ్డు మాంసంతో కూడా చేస్తారు కాబట్టి కోడిదేనా అని అడిగి తీసుకోండి.

ప్రశ్న: బ్యాంకాక్ తరవాత ఇంకో ఊరికే టైముంది. తిండి కోసమే అయితే చియాంగ్ మై వెళ్లాలా, ఫుకెట్ వెళ్లాలా?

జవాబు: బీచ్‌ని పక్కన పెట్టేస్తే నేను చియాంగ్ మై అంటాను, కానీ కారణం విని మీరే తేల్చుకోండి.

చియాంగ్ మై ఒకప్పటి లాన్నా రాజ్యానికి రాజధాని, వంట కూడా బ్యాంకాక్‌ది కాదు. కొబ్బరి పాలు తక్కువ, తీపి తక్కువ, కారం మధ్యస్థం, ఎండు మసాలాలు, చేదు ఆకులు, కాల్చిన రుచులు. అన్నం అంటే స్టికీ రైస్, చిన్న వెదురు బుట్టలో ఇస్తారు, చేత్తో ముద్ద చేసుకుని నామ్ ప్రిక్ నుమ్‌లో అద్దుకు తింటారు, అది నిప్పుల మీద కాల్చిన పచ్చిమిరపకాయలతో నూరిన పచ్చడి, ఒక్కసారి తిన్నారంటే మళ్లీ వెతుక్కుంటారు. టమాటాతో, పంది కీమాతో చేసేది నామ్ ప్రిక్ ఓంగ్. నిమ్మగడ్డి, ఆకులు కూరిన సాయ్ ఉవా అనే పంది సాసేజీ. పంది తినేవాళ్లకి ఇంకొకటి, బర్మా వైపు నుంచి వచ్చిన కెంగ్ హంగ్ లే, అల్లం, చింతపండుతో వండే కూర. కొబ్బరి పాలు పడే ఖావ్ సోయ్ ఇక్కడ మినహాయింపు. చైనాలోని యునాన్ నుంచి వచ్చిన ముస్లిం వ్యాపారులతో ముడిపడిన వంటకం అది, కొబ్బరి పాల కూరలో గుడ్డు నూడుల్స్, పైన వేయించిన నూడుల్స్, పక్కన ఊరగాయ ఆకుకూర, పచ్చి ఉల్లి, నిమ్మచెక్క. అవన్నీ కలిపేశాకే తినండి, విడిగా చూస్తే రుచి తెలియదు. చాలా ఖావ్ సోయ్ దుకాణాలు మధ్యాహ్నం దాటితే మూసేస్తారు. ఊళ్లో వారోరోట్ మార్కెట్లో ఈ పచ్చళ్లు, సాసేజీలు అన్నీ ఒకేచోట దొరుకుతాయి, ఆదివారం సాయంత్రం రాచ్చదమ్నోన్ రోడ్డంతా వాకింగ్ స్ట్రీట్. శాకాహారులకి కూడా ఈ ఊరు బ్యాంకాక్ కన్నా సులువు.

ఫుకెట్‌ని యునెస్కో 2015లో వంటల నగరంగా గుర్తించింది, ఊరికే ఇవ్వలేదు. గనుల్లో పనికి వచ్చిన హోక్కియన్ చైనీయులు, మలయ్ వాళ్లు, థాయ్‌లు కలిసిన వంట అది. హోక్కియన్ నూడుల్స్, పొద్దుటి డిమ్ సమ్, కూరతో తినే రోటీ, ఇవన్నీ పాత ఫుకెట్ టౌన్‌లో దొరుకుతాయి, పాటోంగ్ బీచ్ రోడ్డు మీద వెతికితే దొరకవు. చాలా మంది బీచ్ పక్కనే నాలుగు రోజులు ఉండి ఫుకెట్ తిండి మామూలుగా ఉందంటారు, నాకు నిజంగా బాధనిపిస్తుంది, పాత టౌన్ దాకా ఒక్కసారి వెళ్తే ఆ మాట అనరు. దక్షిణాది కూరల కారం దేశంలోకెల్లా ఎక్కువ, పచ్చి పసుపు కొమ్ములు బాగా నూరి వేస్తారు, చింతపండో నిమ్మరసమో దండిగా పడుతుంది. ఖువా క్లింగ్ అనే పొడి కూర అడిగేటప్పుడు పెరుగు దొరకదని గుర్తుపెట్టుకోండి. ఖావ్ యమ్ మాత్రం కారానికి భయపడేవాళ్లు కూడా తినగలరు, అన్నంలో కొబ్బరి తురుము, పుల్లటి పళ్ల ముక్కలు, సన్నగా తరిగిన ఆకులు కలిపి బూడు అనే చేప సాస్‌తో తినేది, పొద్దున పూట చాలా హాయిగా ఉంటుంది.

వీటన్నిటికన్నా దగ్గరగా, బ్యాంకాక్ నుంచి ఒక్క రోజులో వెళ్లొచ్చేయాలంటే ఫెట్చబురి ఉంది. తాటిబెల్లం, ఉప్పు, నిమ్మకాయలకి పేరున్న ఊరు, 2021లో దానికీ అదే గుర్తింపు వచ్చింది. తాటిబెల్లంతో చేసే తీపి వంటల కోసమైనా వెళ్లండి.

ప్రశ్న: స్టూడెంట్‌ని. తిండికి రోజుకి ఎంత పెట్టుకోవాలి? కార్డు తీసుకుంటారా?

జవాబు: స్థానికులు తినే చోట తింటే రోజుకి 300 బాత్‌లతో కడుపు నిండుతుంది, 500 ఉంటే పళ్లు, టీ, ఒక తీపి కూడా కలుస్తాయి. రెండు కూరలతో అన్నం సుమారు 50 నుంచి 70, నూడుల్స్ గిన్నె కూడా అంతే, మూ పింగ్ పుల్ల పది పదిహేను. ఏసీ మాల్‌లో రెస్టారెంటుకెళ్తే ఒక్క పూటకే ఇంతకు మూడింతలు అవుతుంది, అదే మాల్ పై అంతస్తులో ఫుడ్ కోర్టు ఉంటే ధర దాదాపు వీధి ధరే, బ్యాంకాక్‌లో అసోక్ దగ్గర టెర్మినల్ 21 అనే మాల్‌లో ఉన్నది దీనికి బాగా పేరున్నది. కౌంటర్లో డబ్బు కట్టి కార్డు తీసుకుని, మిగిలింది తిరిగి తీసుకోవాలి.

బండ్ల దగ్గర విదేశీ కార్డు నడవదు. స్థానికులు ఫోన్లో స్కాన్ చేసి కడతారు, మీరు 20, 50, 100 నోట్లు దగ్గర ఉంచుకోండి. ఏటీఎంలో విదేశీ కార్డుకి ప్రతిసారీ 200 బాత్‌ల పైనే తీసుకుంటారు, కాబట్టి చిన్న చిన్న మొత్తాలు పదే పదే తియ్యకండి. వచ్చిన 1000 నోటుని సెవెన్ ఇలెవెన్‌లో నీళ్ల సీసా కొని మార్చుకోండి, పొద్దున్నే ఆరింటికి జావ అమ్మే ఆవిడ చేతిలో పెట్టకండి. మిషెలిన్ హోటళ్ల గైడ్ స్టార్ ఉన్న జే ఫై అనే చిన్న హోటల్లో పీత ఆమ్లెట్టు తినాలని చాలా మంది అడిగారు, అది 1000 బాత్‌లు దాటుతుంది, గంటల తరబడి ఎదురుచూడాలి, స్టూడెంటు బడ్జెట్‌లో నేనైతే దానికి బదులు రెండు రోజులు యావరాట్‌లో తింటాను.

ప్రశ్న: చేత్తో తింటే ఏమైనా అనుకుంటారా? టోమ్ యమ్‌లో పుల్లల్లాంటివి కూడా తినాలా?

జవాబు: స్టికీ రైస్ అయితే చేత్తోనే తినాలి. మామూలు అన్నానికి కుడి చేతిలో స్పూను, ఎడమ చేతిలో ఫోర్కు, ఫోర్కుతో తోసి స్పూనుతో తింటారు. చాప్‌స్టిక్స్ నూడుల్స్‌కే, అన్నానికి అడగొద్దు. కూరలు మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకుంటారు, ఒక్కోసారి ఒక్క కూర నుంచి రెండు స్పూన్లే మీ అన్నం మీద వేసుకోండి, అన్నీ ఒకేసారి గుమ్మరించుకుంటే చూసేవాళ్లకి బాగుండదు. టోమ్ యమ్‌లో నిమ్మగడ్డి కాడలు, దుంపరాష్ట్రం ముక్కలు, నిమ్మజాతి ఆకులు వాసన కోసం వేసినవి, నమలకుండా గిన్నె పక్కకి తీసి పెట్టండి.

ప్రశ్న: మా అమ్మాయికి వేరుశనగ పడదు, డాక్టర్ గట్టిగా హెచ్చరించారు. వెళ్లడం మానుకోవాలా?

జవాబు: మానుకోనక్కర్లేదేమో, కానీ ముందు ఆ డాక్టర్‌తోనే మాట్లాడండి, అలర్జీ మందులు, ఇంజెక్షన్ ఏం దగ్గర ఉంచుకోవాలో ఆయనే చెప్పాలి. తిండి వరకు చూస్తే పాడ్ థాయ్, సోమ్ తమ్ థాయ్, మస్సమన్, సాతే అనే కాల్చిన మాంసం పుల్లల పక్కన ఇచ్చే చట్నీ, ఇవన్నీ వేరుశనగ ఉన్నవే. "ఫే థువా లిసోంగ్" అంటే వేరుశనగ పడదని, అయితే నోటి మాట మీద ఆధారపడకుండా థాయ్ అక్షరాల్లో ప్రింటు తీసిన కార్డు చూపించండి. పైన చల్లకపోతే చాలనుకుంటారు కొందరు, అదే రోకలి, అదే బాణలి వాడినా ప్రమాదమేనని ఆ కార్డులోనే రాయించండి. అమ్మాయి విషయంలో రద్దీగా ఉండే బండ్ల కన్నా, విడిగా వండి ఇవ్వగలిగే రెస్టారెంటు ఎంచుకోండి, డబ్బు ఎక్కువైనా సరే.

ప్రశ్న: డ్యూరియన్ పండు తినాలని ఎప్పటి నుంచో కోరిక, వాసన గురించి విని మా ఇంట్లో అందరూ భయపెడుతున్నారు.

జవాబు: తినండి. మే, జూన్ నెలల్లో తూర్పున చంతబురి, రయోంగ్ తోటల నుంచి బ్యాంకాక్‌కి దండిగా వస్తుంది, అప్పుడు ధర కూడా దిగుతుంది. మోంతోంగ్ రకం అడగండి, వాసన తక్కువ, గింజ చిన్నది, గుజ్జు ఎక్కువ. కాయ మొత్తం కొనొద్దు, కోసి పెట్టిన తొనలు ఒక ప్యాకెట్ తీసుకుని అక్కడే నిలబడి తినెయ్యండి, హోటల్ గదికి తీసుకెళ్తే జరిమానా వేస్తారు, లాబీలోనే నిషేధం బోర్డు కనిపిస్తుంది. పక్కనే మాంగోస్టీన్ కూడా ఉంటుంది, డ్యూరియన్ వేడి చేస్తుందని, అది చలవ చేస్తుందని రెండూ కలిపి తినడం అక్కడివాళ్ల అలవాటు, ఒక అరకిలో కొనుక్కోండి.